సీపీహెచ్‌టీ రెన్యువల్: 20 సీఈ గంటలు లెక్కలోకి రావాలంటే ముందే చూసుకోవాల్సినవి

శ్రావ్య_ఆర్ఎక్స్
అందరికీ నమస్కారం. అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్లుగా చేస్తున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా? సీపీహెచ్‌టీ (సర్టిఫైడ్ ఫార్మసీ టెక్నీషియన్) సర్టిఫికెట్ ఇచ్చే బోర్డ్ పీటీసీబీ. దాని రెన్యువల్‌కి 20 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ (సీఈ) కావాలి. ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు బోలెడున్నాయి, కానీ ఏది చెల్లుతుందో ఏది చెల్లదో తెలియడం లేదు. లా గంట, పేషెంట్ సేఫ్టీ గంట విడిగా చేయాలా, 20లోనే వస్తాయా? స్టేట్ రిజిస్ట్రేషన్‌కి మళ్లీ ఇంకో 20 చేయాలా?

కృష్ణవేణి_టెక్
20లోనే వస్తాయండీ. రెండేళ్ల సైకిల్‌లో మొత్తం 20 గంటలు, అందులో కనీసం 1 గంట ఫార్మసీ లా, కనీసం 1 గంట పేషెంట్ సేఫ్టీ. మిగతా 18 గంటలు టెక్నీషియన్ పనికి సంబంధించిన ఏ అంశమైనా ఫర్వాలేదు. ఎన్‌హెచ్ఏ అనే ఇంకో సంస్థ వారి ఎక్స్‌సీపీటీ సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకూ ఇదే లెక్క: రెండేళ్లు, 20 గంటలు, లా ఒకటి, సేఫ్టీ ఒకటి.

సర్టిఫికెట్ మీద కొన్నిచోట్ల గంటలకు బదులు సీఈయూ అని ఉంటుంది. 0.1 సీఈయూ అంటే 1 గంట. అంటే మీకు కావలసింది 2.0 సీఈయూలు. 1.5 గంటల కోర్సు అయితే 0.15 అని చూపిస్తుంది. 0.15ని గంటలో ఏడో వంతు అనుకుని కంగారు పడేవాళ్లు ఎక్కువ, అందుకే చెబుతున్నాను.

ఈ సైకిల్‌లో 26 గంటలు చేసినా మిగిలిన 6 వచ్చే సైకిల్‌కి జమ కావు. ఒకే కోర్సును ఒకే సైకిల్‌లో రెండుసార్లు చేసినా ఒక్కసారే లెక్క.

ట్రే_కౌంటర్
ఏది చెల్లుతుందన్న ప్రశ్నకు జవాబు కోర్సు పేరులో దొరకదు, యూఏఎన్ అనే కోర్సు నంబర్‌లో దొరుకుతుంది. ఏసీపీఈ (ఫార్మసీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రతి కోర్సుకూ ఆ నంబర్ ఉంటుంది. ఉదాహరణకు ఇలా ఉందనుకోండి (సంఖ్యలు ఊరికే వేశాను):

0000-0000-25-014-హెచ్03-టి

మొదటి నాలుగంకెలు కోర్సు ఇస్తున్న సంస్థవి. తర్వాతి నాలుగు సహ నిర్వాహకులవి, ఎవరూ లేకపోతే సున్నాలే. 25 అంటే 2025. 014 ఆ సంస్థ వేసుకున్న వరుస సంఖ్య. ఇక్కడిదాకా మనకు పెద్దగా పని లేదు. చూడాల్సింది చివరి రెండు ముక్కలు.

హెచ్ అంటే ఇంట్లో మన వీలు చూసుకుని చేసే హోమ్ స్టడీ. ఎల్ అంటే లైవ్. బి అంటే రెండూ కలిసినది. పక్కనున్న రెండంకెలు అంశాన్ని చెబుతాయి: 01 జబ్బులు, మందుల చికిత్స. 02 హెచ్ఐవీ. 03 లా. 04 జనరల్ ఫార్మసీ. 05 పేషెంట్ సేఫ్టీ. 06 ఇమ్యునైజేషన్. 07 కాంపౌండింగ్ (మందులు కలిపి తయారుచేయడం). 08 నొప్పి, ఓపియాయిడ్లు. చివరి అక్షరం టి అయితే టెక్నీషియన్‌ది, పి అయితే ఫార్మసిస్ట్‌ది.

కాబట్టి మీ లా గంట మీద 03-టి, సేఫ్టీ గంట మీద 05-టి ఉండాలి. కోర్సు పేరులో "సేఫ్" అన్న మాట ఉన్నంత మాత్రాన అది సేఫ్టీ గంట కాదు. "సేఫ్ యూజ్ ఆఫ్ ఓపియాయిడ్స్" అని పేరుండి కోడ్ 08 ఉండొచ్చు. మొదలుపెట్టే ముందే కోడ్ చూడండి.

శ్రావ్య_ఆర్ఎక్స్
ఇది చాలా ఉపయోగపడింది, థాంక్యూ. సీపీఈ మానిటర్‌లో (మన సీఈ క్రెడిట్లు నమోదయ్యే ఆన్‌లైన్ రికార్డు) చూస్తే రెండు కోర్సులకు చివర పి అని ఉంది. ఇంకో రెండు అసలు కనిపించడమే లేదు, పరీక్ష మాత్రం పాసైనట్టు సైట్‌లో చూపిస్తోంది. వీటిని సరిచేయించుకోవచ్చా?

మోర్టార్_45
రెండు వేర్వేరు సమస్యలవి, విడివిడిగా చూద్దాం.

పి సంగతి: చాలా కోర్సులు ఫార్మసిస్ట్‌కీ టెక్నీషియన్‌కీ కలిపి నడుస్తాయి. యూఏఎన్ అంతా ఒకటే, చివరి అక్షరం ఒక్కటే మారుతుంది. పరీక్షలు రెండు ఉంటాయి, లేదా క్రెడిట్ తీసుకునేటప్పుడు మీ వృత్తి ఏమిటని అడుగుతుంది. ఆ సైట్‌లో మీ ప్రొఫైల్ ఫార్మసిస్ట్ అని ఉంటే క్రెడిట్ పి కిందికి వెళ్లిపోతుంది. కోర్సు ఇచ్చిన సంస్థకు మెయిల్ పెట్టండి: కోర్సు పేరు, యూఏఎన్, చేసిన తేదీ, మీ ఈ-ప్రొఫైల్ నంబర్ (మానిటర్ అకౌంట్‌ది), "టెక్నీషియన్ క్రెడిట్‌గా మార్చండి" అన్న ఒక్క వాక్యం చాలు. అదే కోర్సుకు టి రూపం ఉంటేనే మారుస్తారు. పి ఒక్కటే ఉన్న కోర్సయితే దాన్ని నమ్ముకోకుండా వేరే టి కోర్సు చేసుకోవడం మేలు.

కనిపించని రెండిటి సంగతి: పరీక్ష పాసవడం ఒక మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఎవాల్యుయేషన్ ఫారం నింపాలి, ఆపైన "క్లెయిమ్ క్రెడిట్" నొక్కాలి. చాలామందికి ఎవాల్యుయేషన్ దగ్గరే ఆగిపోతుంది. అప్పటిదాకా ఆ సంస్థ మీ పేరును మానిటర్‌కి పంపదు. పంపడానికి వాళ్లకూ గడువుంది, కోర్సు చేసిన రోజు నుంచి 60 రోజులు. అది దాటితే క్రెడిట్ వేయించుకోవడం చాలా కష్టం. అందుకని కోర్సు చేసిన రెండు మూడు వారాలకు ఒకసారి మానిటర్ తెరిచి చూసుకోండి. రెండేళ్ల చివర్లో అన్నీ ఒకేసారి చూద్దామనుకుంటే ఆ 60 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

అన్నీ పూర్తిచేసినా రాలేదంటే పుట్టిన తేదీ చూడండి. కోర్సు సైట్‌లో ఈ-ప్రొఫైల్ నంబర్‌తోపాటు నాలుగంకెల పుట్టిన తేదీ అడుగుతారు. ముందు నెల, తర్వాత రోజు. మనవాళ్లకు రోజు ముందు రాయడం అలవాటు. జులై 8న పుట్టినవాళ్లు 0708 అని వేయాలి, 0807 వేస్తే అది ఆగస్టు 7 అయిపోతుంది. 25వ తేదీ లాంటిదైతే సైటే తప్పని చెబుతుంది, 12వ తేదీ లోపు పుట్టినవాళ్లకు మాత్రం చెప్పదు, మౌనంగా తీసేసుకుంటుంది. తర్వాత మానిటర్‌లో ఉన్న తేదీతో కలవక రికార్డు అక్కడే ఆగిపోతుంది.

ఇంకొకటి కూడా మనవాళ్లలోనే ఎక్కువ. ఇంట్లో జరుపుకునే పుట్టినరోజు ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది ఇంకొకటి. పాస్‌పోర్ట్ మీద ఏది ఉంటే అదే అన్నిచోట్లా వేయండి.

హంసిని
పై మాటకు చిన్న జోడింపు. ఇండియాలో ఫార్మసీ చదివి ఇక్కడికి వచ్చినవాళ్లలో కొందరు ఎఫ్‌పీజీఈసీ (విదేశీ ఫార్మసీ పట్టాకు ఇచ్చే సర్టిఫికెట్) కోసం ఎన్ఏబీపీలో (స్టేట్ ఫార్మసీ బోర్డ్‌ల జాతీయ సంఘం) ఇంతకుముందే ఈ-ప్రొఫైల్ తెరిచి ఉంటారు. (2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్లకు అయిదేళ్ల కోర్సు ఉండాలి కాబట్టి నాలుగేళ్ల బీఫార్మసీతో ఆ దారి మూసుకుపోయింది, అయినా అకౌంట్ మిగిలే ఉంటుంది.) టెక్నీషియన్ అయ్యాక కొత్త మెయిల్‌తో మళ్లీ ఇంకో ప్రొఫైల్ తెరవొద్దు. ఒక మనిషికి ఒకటే ఉండాలి. రెండుంటే సగం కోర్సులు ఒకదానిలో, సగం ఇంకోదానిలో చేరతాయి. ఇప్పటికే రెండుంటే ఎన్ఏబీపీకి రాసి కలపమని అడగండి.

పేరు కూడా. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పీటీసీబీ అకౌంట్‌లో ఇనిషియల్‌గా ఉండి, స్టేట్ రిజిస్ట్రేషన్‌లో పెళ్లి తర్వాతి పేరుంటే ఆడిట్ వచ్చిన రోజు ఆ సర్టిఫికెట్లన్నీ మీవే అని నిరూపించుకోవాలి. రెన్యువల్‌కి ముందే మూడూ ఒకేలా మార్పించుకోండి.

శ్రావ్య_ఆర్ఎక్స్
పాత ఎఫ్‌పీజీఈసీ అకౌంట్ ఉంది. అందులోనే కొనసాగిస్తాను. ఇక స్టేట్ సంగతి ఎవరైనా చెప్పండి.

నల్లమల_నీలి
పీటీసీబీ వేరు, స్టేట్ బోర్డ్ వేరు. పీటీసీబీ మీ సర్టిఫికేషన్ చూస్తుంది, స్టేట్ బోర్డ్ పనిచేసే అనుమతి చూస్తుంది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. మనవాళ్లు ఎక్కువగా అడిగే మూడింటి గురించి చెబుతాను, మిగతావాళ్లు తమ బోర్డ్ సైట్‌లో చూసుకోవాలి.

టెక్సస్: రెండేళ్లకు 20 గంటలు, అందులో కనీసం 1 గంట టెక్సస్ ఫార్మసీ చట్టం మీద ఉండాలి. ఫెడరల్ లా గంట చేస్తే పీటీసీబీకి సరిపోతుంది, టెక్సస్‌కి సరిపోదు. అదే టెక్సస్ లా మీద ఉన్న 03-టి కోర్సు చేస్తే రెండిటికీ ఒక్క గంటతో అయిపోతుంది. రిజిస్ట్రేషన్ తీసుకున్న మొదటి విడతలో సీఈ నుంచి మినహాయింపు ఉంది. హ్యూమన్ ట్రాఫికింగ్ శిక్షణ విషయం కూడా రెన్యువల్ ఫారంలో చూసుకోండి. దానికి రాష్ట్రం ఆమోదించిన కోర్సుల జాబితాలోదే తీసుకోవాలి, వేరేది చెల్లదు.

ఫ్లోరిడా: 20 గంటలే, కానీ అందులో 4 లైవ్, 2 మెడికేషన్ ఎర్రర్స్ మీద. మొదటి రెన్యువల్‌లో హెచ్ఐవీ మీద 1 గంట అదనపు నిబంధన. ఇక్కడ రికార్డు సీఈ బ్రోకర్ అనే సైట్‌లో కనిపించాలి, మానిటర్‌లో ఉంది కదా అని ఊరుకోవద్దు.

కాలిఫోర్నియా: రాష్ట్రం 20 గంటలు అడగదు. 2024 జనవరి నుంచి కల్చరల్ కాంపిటెన్సీ మీద కనీసం 1 గంట మాత్రం తప్పనిసరి. అలాగని సర్టిఫికేషన్ వదిలేయొద్దు. చాలా ఫార్మసీలు ఉద్యోగానికి దాన్నే అడుగుతాయి.

గుండ్రాయి
ఫ్లోరిడా వాళ్లకు ఒక ప్రశ్న. లైవ్ అంటే హాల్‌కి వెళ్లాలా? వెబినార్ సరిపోతుందా?

ట్రే_కౌంటర్
వెబినార్ సరిపోతుంది, అది ఆ సమయానికి నిజంగా జరుగుతూ, ప్రశ్న అడిగే వీలుంటే. యూఏఎన్‌లో ఎల్ ఉండాలి. అదే వెబినార్ రికార్డింగ్ తర్వాత పెడితే దానికి హెచ్ కోడ్‌తో వేరే యూఏఎన్ ఇస్తారు, అది లైవ్ కిందికి రాదు. లైవ్‌లో హాజరు కోడ్ సాధారణంగా చివర్లో చెబుతారు. అది రాసుకోకుండా లాగౌట్ అయితే గంటంతా కూర్చున్నా క్రెడిట్ రాదు. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో, మీ పేరుతోనే లాగిన్ అవ్వండి. ఇంట్లో ఇద్దరు టెక్నీషియన్లుండి ఒకే స్క్రీన్ ముందు కూర్చుంటే హాజరు ఒకరికే పడుతుంది.

కృష్ణవేణి_టెక్
ఇంకో 20 చేయాలా అని శ్రావ్య గారు అడిగారు కదా. అక్కర్లేదు, తేదీలు కలిస్తే ఒకే గంట రెండు చోట్లా పనికొస్తుంది. కాగితం మీద రెండు గీతలు గీసుకోండి. పీటీసీబీ సైకిల్ 2024 నవంబర్ 1 నుంచి 2026 అక్టోబర్ 31 వరకు, స్టేట్‌ది 2025 జనవరి 1 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు అనుకుందాం. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడే భాగం 2025 జనవరి నుంచి 2026 అక్టోబర్ దాకా, అంటే 22 నెలలు. 20 గంటలూ ఆ భాగంలో చేస్తే రెండు పనులూ అయిపోయినట్టే. 2024 డిసెంబర్‌లో చేసిన గంట పీటీసీబీకి మాత్రమే. 2026 నవంబర్‌లో చేసింది స్టేట్‌కీ, పీటీసీబీ తర్వాతి సైకిల్‌కీ.

లెక్కకొచ్చేది పరీక్ష పూర్తిచేసి క్రెడిట్ తీసుకున్న తేదీ. పాఠం చదవడం ఎప్పుడు మొదలుపెట్టారన్నది ఎవరూ చూడరు.

స్టెరైల్‌హుడ్
చెల్లుబాటు గురించి బాగా చెప్పారు అందరూ. ఏం నేర్చుకుంటున్నామన్నదీ చూడాలని నా గట్టి అభిప్రాయం. హోమ్ స్టడీ కోర్సు విడుదలైన రోజు నుంచి మూడేళ్ల దాకా నడవొచ్చు. ఆ మూడేళ్లలో నియమాలు మారిపోతాయి. క్రెడిట్ వస్తుంది, చేతికొచ్చిన సమాచారం మాత్రం పాతది.

కాంపౌండింగ్ తీసుకోండి. యూఎస్‌పీ (అమెరికాలో మందుల ప్రమాణాల గ్రంథం) 795, 797 అధ్యాయాల సవరించిన రూపం 2023 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 797లో పాత తక్కువ, మధ్య, ఎక్కువ రిస్క్ విభజన పోయి కేటగిరీ 1, 2, 3 వచ్చాయి, బియాండ్ యూజ్ డేట్ల (తయారుచేసిన మందు ఏ తేదీ దాటితే వాడకూడదో) లెక్కా మారింది. ఎక్కడైనా ఇంకా "లో రిస్క్, మీడియం రిస్క్" అని చెబుతుంటే ఆ పాఠం వదిలేయండి. మానసిక వ్యాధి మందు క్లోజపీన్ కూడా అంతే. దాని రెమ్స్ (మందు భద్రతా) కార్యక్రమాన్ని ఎఫ్‌డీఏ 2025లో ఎత్తేసింది. అంతకుముందు తయారైన కోర్సు మాత్రం ఏఎన్‌సీ (ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క) ఫలితం నమోదు కాకుండా మందు ఇవ్వొద్దనే చెబుతుంది.

అందుకే యూఏఎన్‌లో సంవత్సరం అంకెలు చూడండి. 23 అని ఉంటే విడుదల తేదీ కూడా చూసి, అంశం మారేదా కాదా ఆలోచించండి. లా, కాంపౌండింగ్, వ్యాక్సిన్లు త్వరగా పాతబడతాయి. కాలిక్యులేషన్స్ పాతబడవు.

మోర్టార్_45
నిజం. లా గంటకు డీఎస్‌సీఎస్ఏ (మందుల సరఫరా భద్రతా చట్టం) మీద కొత్త కోర్సు దొరికితే అది తీసుకోండి. 2013 నవంబర్ 27న వచ్చిన చట్టమది, ప్యాకేజీ స్థాయిలో ఎలక్ట్రానిక్‌గా మందు జాడ పట్టే దశ ఇప్పుడు నడుస్తోంది. తయారీదారులకు 2025 మే 27, హోల్‌సేలర్లకు ఆగస్టు 27, 26 లేదా అంతకంటే ఎక్కువమంది ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న ఫార్మసీలకు నవంబర్ 27 వరకు మినహాయింపు ఇచ్చారు. చిన్న ఫార్మసీలకు 2026 నవంబర్ 27 వరకు. ఆర్డర్ టోట్ (మందులు వచ్చే పెట్టె) విప్పేది టెక్నీషియనే కాబట్టి ఇది నేరుగా మన పని.

కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ కోర్సయితే 2023 ఆగస్టు 28 తర్వాతి నియమం ఉందో లేదో చూడండి. ఒక్కసారి కూడా ఫిల్ కాని ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్‌ని, షెడ్యూల్ 2 (కఠిన నియంత్రణ ఉన్న మందులు) అయినా సరే, పేషెంట్ అడిగితే ఒకసారి వేరే ఫార్మసీకి పంపొచ్చన్నది ఆ నియమం, స్టేట్ చట్టం ఒప్పుకుంటే. "షెడ్యూల్ 2 ట్రాన్స్‌ఫర్ అసలు కుదరదు" అని నేర్పే కోర్సు పాతది.

హంసిని
కాలిక్యులేషన్స్ అన్నారు కాబట్టి. మంచి కోర్సును దాని ఇన్సులిన్ లెక్కతో పసిగట్టవచ్చు. యూ-100 (ఎంఎల్‌కి 100 యూనిట్లు) పెన్నుల డబ్బాలో 5 పెన్నులు, ఒక్కోటి 3 ఎంఎల్, మొత్తం 15 ఎంఎల్, అంటే 1500 యూనిట్లు. రోజుకు ఒకసారి 40 యూనిట్లు. 1500ని 40తో భాగించి 37 రోజులు అని వదిలేసే కోర్సు సగమే చెప్పినట్టు. ప్రతి ఇంజెక్షన్‌కి ముందు ప్రైమింగ్‌కి (సూదిలోని గాలి తీయడానికి) 2 యూనిట్లు పోతాయి, కాబట్టి రోజుకు 42. అప్పుడు 35 రోజులు. ఆ తేడాతో రీఫిల్ టూ సూన్ (గడువుకు ముందే మందు అడిగారు) అని ఇన్సూరెన్స్ రిజెక్షన్ వచ్చి పేషెంట్ కౌంటర్ దగ్గర నిలబడాల్సి వస్తుంది. రోజుకు 8 యూనిట్లే వాడే పేషెంట్ అయితే లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. ఒక పెన్ను 300 యూనిట్లు, ప్రైమింగ్‌తో రోజుకు 10, కాగితం మీద 30 రోజులు వస్తుంది, కానీ తెరిచిన 28 రోజులకు పారేయాల్సిన ఇన్సులిన్ అయితే ఒక్కో పెన్ను 28 రోజులకే. ఈ రెండూ చెప్పే కోర్సుకు ఒక గంట ఇవ్వడం దండగ కాదు.

గుండ్రాయి
టీకాలు వేసే టెక్నీషియన్లకు విడిగా ఏమైనా ఉందా?

నల్లమల_నీలి
ఉంది. ఫెడరల్ ప్రెప్ యాక్ట్ అనుమతి కింద టీకాలు వేసేవాళ్లకు ఏసీపీఈ ఆమోదించిన ప్రాక్టికల్ శిక్షణ, చెల్లుబాటులో ఉన్న సీపీఆర్ సర్టిఫికెట్, స్టేట్ లైసెన్సింగ్ కాలంలో కనీసం 2 గంటల ఇమ్యునైజేషన్ సీఈ ఉండాలి. ఆ రెండు గంటలు 06-టి అయితే 20లోనూ కలుస్తాయి. సీపీఆర్ కార్డుకు వేరే గడువుంటుంది, రెండిటినీ ఒకే క్యాలెండర్‌లో రాసుకోండి. స్టేట్ తన సొంత నియమం పెడితే దాన్నీ చూడాలి.

శ్రావ్య_ఆర్ఎక్స్
చివరగా మూడు సందేహాలు. పనిచేసే చోట ఇచ్చే ట్రైనింగ్ మాడ్యూల్స్ లెక్కలోకి వస్తాయా? ఇండియాలో చదివిన బీఫార్మసీ సబ్జెక్టులు చూపించవచ్చా? గడువు దాటితే ఏమవుతుంది?

కృష్ణవేణి_టెక్
ఇన్‌సర్వీస్ ట్రైనింగ్‌ను పీటీసీబీ ఒకప్పుడు కొంతవరకు ఒప్పుకునేది, 2018 నుంచి పూర్తిగా ఆపేసింది. కంపెనీ మాడ్యూల్‌కి యూఏఎన్ ఉంటే అది మామూలు సీఈ కోర్సే, చెల్లుతుంది. లేకపోతే అది ఉద్యోగం కోసం చేసిన శిక్షణ, అంతే.

కాలేజీ కోర్సుకు గరిష్ఠంగా 10 గంటల దాకా ఇస్తారు. సబ్జెక్టు సంబంధం ఉన్నదై ఉండాలి, గ్రేడ్ సి తగ్గకూడదు, ఈ రెండేళ్ల సైకిల్ లోపలే పూర్తిచేసి ఉండాలి. ఎప్పుడో చదివిన బీఫార్మసీ ఆ చివరి షరతు దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ లాంటిది చదువుతుంటే ట్రాన్స్‌క్రిప్ట్ తీసి ఉంచుకోండి. లా, సేఫ్టీ గంటలు మాత్రం అప్పుడూ విడిగా చేయాల్సిందే.

గడువు దాటితే సీపీహెచ్‌టీ అని పేరు పక్కన రాసుకోకూడదు, బ్యాడ్జ్ మీద కూడా. ఏడాది లోపు రీఇన్‌స్టేట్‌మెంట్‌కి అప్లై చేసుకోవచ్చు, దానికీ 20 గంటలు, లా, సేఫ్టీ అన్నీ కావాలి, ఫీజు అదనం. ఏడాది దాటితే పరీక్ష మళ్లీ రాయాలి. మీ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఈ సర్టిఫికేషన్‌కి ముడిపడి ఉంటే బోర్డ్‌కి అదే రోజు ఫోన్ చేయండి, షిఫ్ట్ ఎక్కాక కాదు.

మోర్టార్_45
శ్రావ్య గారూ, ఈ వారం చేయాల్సింది ఇదీ: ఆ నాలుగు కోర్సుల తేదీలు చూడండి. 60 రోజుల లోపు ఉన్నవాటికి ముందు మెయిల్ పెట్టండి, దాటినవాటి స్థానంలో కొత్తవి మొదలుపెట్టండి. కొత్తవాటిలో మొదటి రెండూ 03-టి, 05-టి అయ్యేలా చూసుకోండి. సర్టిఫికెట్ పీడీఎఫ్‌లను "తేదీ, యూఏఎన్, గంటలు" అన్న పేరుతో ఒకే ఫోల్డర్‌లో దాచండి, రెన్యువల్ అయ్యాక కూడా తీసేయకండి. ఆడిట్ ఉత్తరం రెన్యువల్ తర్వాత కూడా రావచ్చు.

శ్రావ్య_ఆర్ఎక్స్
ఇప్పుడే చూశాను. పి పడిన రెండిటికీ టి రూపం ఉంది, అవి 60 రోజుల లోపే ఉన్నాయి. మెయిల్ పెట్టాను. కనిపించని రెండిటిలో ఒకదానికి ఎవాల్యుయేషన్ పెండింగ్ అని ఉంది, రెండోదానికి పుట్టిన తేదీ రోజు, నెల తారుమారయ్యాయి. జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.